వాసన లేని మిరప కళ్ళం

మ్యూజియాలు చూడటం నాకున్న ఒకే ఒక్క వ్యసనమని మా ఇంట్లో చెప్పుకుంటారు. పెళ్ళికి వెళ్ళినా, పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళినా, ఆ ఊళ్ళో మ్యూజియం ఉంటే ఒక పూట దానికి ఇచ్చేసి వస్తాను. గుంటూరులో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పిన మనిషికి ఆ మాత్రం పిచ్చి ఉండాలని నా వాదన. అయితే ఈ వేసవిలో హైదరాబాదు వెళ్ళింది నా పిచ్చి కోసం కాదు, మా బాబాయి కోసం. వెళ్ళి వచ్చి నెల దాటింది. ఇప్పటికీ నలుగురు ఆడవాళ్ళు వరసగా అటు తిరిగి నిలబడి ఉంటే చూడటానికి నాకు భయంగా ఉంటుంది. గోడల మీద బొమ్మలు నడిపే ఆ కొత్త రకం ప్రదర్శన చూడనివాళ్ళు మన వైపు చాలామందే ఉంటారు కాబట్టి, మేం చూసింది చూసినట్టు రాస్తున్నాను.

గుంటూరు, బయల్దేరకముందు

బాబాయి అంటే మా నాన్న చిన్న తమ్ముడు, సుబ్బయ్య. సత్తెనపల్లి వైపు పల్లెలో మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి. మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రోజు మా ఇంట్లో భోంచేసి వెళ్ళడం ఆయన అలవాటు. మిరప సీజన్లో గుంటూరు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? బస్సు దిగిన కొత్తవాళ్ళు తుమ్ముతుంటే మేం నవ్వుకుంటాం, కాసేపటికి మేమూ తుమ్ముతాం.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తింటుండగా నా పాత విద్యార్థిని ఒకామె నా ఫోనుకు ఒక వీడియో పంపింది. హైదరాబాదులో ఏదో కొత్త ప్రదర్శన, నాలుగు గోడల మీదా మిరపచేలు, కాయ కోసే ఆడవాళ్ళు. మన వైపు చేలే టీచర్, చూడండి అని రాసింది. సరదాపడతాడని బాబాయికి చూపించాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ చొక్కా నాది అన్నాడు.

మిరపకాయ కోసే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుంటారు. ముఖానికి తువ్వాలు చుట్టి కళ్ళు మాత్రం వదులుతారు. లేకపోతే ఘాటుకు చర్మం మండిపోతుంది. వీడియోలో ఒకామె తొడుక్కున్న చొక్కా బిస్కెట్ రంగుది. ఎడమ భుజం మీద ఆకుపచ్చ లుంగీ గుడ్డతో మాసిక. ఆ మాసిక వేసింది మా పిన్ని సామ్రాజ్యం. ఆ చొక్కా వేసుకుని కాయ కోసేదీ ఆవిడే. నాలుగేళ్ళ కిందట ఎవరో కెమెరాలతో చేలో దిగారనీ, తాను ఆ రోజు యార్డులో ఉన్నాననీ బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. మరుసటి ఏడాది వానాకాలంలో పిన్ని పది రోజుల జ్వరంతో పోయింది.

ఆ పూట చెయ్యి ఎండిపోయేదాకా ఆయన అలాగే కూర్చుని, మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట నాతో చెప్పాడు.

"మీ పిన్ని మొహం నాకు గుర్తు రావట్లేదమ్మాయ్. నడక గుర్తుంది, తిట్లు గుర్తున్నయ్యి. మొహం దగ్గరకొచ్చేసరికి ఏమీ ఉండట్లా."

వాళ్ళకు పిల్లల్లేరు. పెళ్ళి ఫోటోలు చెదలు తినేశాయి. ఫోటో అంటే పిన్ని పెరట్లోకి పారిపోయేది. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది బొమ్మ. ఆవిడ పోయాక దాన్నే స్టూడియోలో పెద్దది చేయిస్తే, వాళ్ళు మెడ కింద నుంచి ఎవరి ఒళ్ళో అతికించి, పట్టుచీర కట్టి, కాసులపేరు వేసి, చెంపలకు రంగు పూసి ఇచ్చారు. పటానికి దండ వేసినప్పుడల్లా పరాయి ఆడమనిషికి వేసినట్టుందని ఆయన బాధ. పిన్ని నాకు బాగా గుర్తు. గుండ్రటి ముఖం, పై పెదవి పక్కన పుట్టుమచ్చ అని చెప్పబోయాను. అవి గుర్తులేగానీ మొహం కాదన్నాడు.

ఆ వీడియోలో ఆవిడ ఎక్కడో ఒకచోట తువ్వాలు తీసి ఉంటుందని ఆయన ఆశ. యార్డు పని అయిపోగానే, మే మొదట్లో, ఇద్దరం రైలెక్కాం.

హైదరాబాదు, మొదటి రోజు: రాతి ఆడవాళ్ళు

ప్రదర్శన టికెట్లు మర్నాటికి దొరికాయి. చేతిలో ఒక రోజు ఉంది కదా అని బాబాయిని పాత మ్యూజియానికి లాక్కెళ్ళాను. నా వ్యసనం నాది.

అంతకుముందు టిఫిను దగ్గరే ఆయన హైదరాబాదు మీద ఒక అభిప్రాయానికి వచ్చేశాడు. సాంబారు తియ్యగా ఉంది. అల్లం చట్నీ అడిగితే కొబ్బరి చట్నీ పోసి, ఇదే స్పెషల్ అన్నారు. ఆయన సంచిలోంచి కారం పొట్లం తీసి, నెయ్యి అడిగి, ఇడ్లీకి అద్దుకుని తిన్నాడు. పక్క బల్ల మీది కుర్రజంట ఆయన్ని ఫోటో తీసుకున్నారు. ఇద్దరికీ కలిపి నూట ఎనభై రూపాయలు. మా బ్రాడీపేటలో ఆ డబ్బుకు నలుగురం తినేవాళ్ళం.

మ్యూజియంలో రాతిబొమ్మల గది చల్లగా, చీకటిగా ఉంది. కృష్ణ ఒడ్డున దొరికిన పాత శిల్పాల దగ్గర బాబాయి ఆగాడు. రాయి మీద ఏం చెక్కారని చూడలేదు, రాయినే చూశాడు. ఇది మా పలనాటి రాయి కదా, మా దొడ్డి గోడకున్నదీ ఇదే అంటూ అరచెయ్యి పెట్టబోయాడు.

కాపలా ఆయన గోడవారన కుర్చీలోంచే, ముట్టుకోవద్దు పెద్దాయనా అన్నాడు. తర్వాత లేచి వచ్చి మాతోపాటు నడవసాగాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలోనే పనిచేస్తున్నాడట. బాబాయి అతన్ని ఒక చిత్రమైన ప్రశ్న అడిగాడు. ఇంతమంది ఆడవాళ్ళను చెక్కారు గదా, సగం మందికి మొహాలెందుకు లేవు?

నేను అప్పుడు పరికించి చూశాను. నిజమే. పాత్రలు పట్టుకున్నవాళ్ళు, చెట్టుకొమ్మ వంచుతున్నవాళ్ళు, బిడ్డనెత్తుకున్నవాళ్ళు. నడుములున్నాయి, గాజులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. ముఖాల చోట మాత్రం రాయి నున్నగా అరిగిపోయి ఉంది. వానలకు, మనుషులు తడిమీ తడిమీ అలా అయిపోతాయని నేను పుస్తకంలో చదివింది చెప్పబోతుంటే, కాపలా ఆయన మెల్లిగా అన్నాడు.

"కొత్తల నాకు గూడ భయమయ్యేది సార్. తలుపులు ఏస్కునే యాళ్ళకు ఆళ్ళందరు నా దిక్కే చూస్తున్నట్టుండేది. కండ్లు లేవు గద, యాడికెళ్ళి చూస్తరు?"

అలా అని నవ్వాడు. మేం నవ్వలేకపోయాం. బయటికి వచ్చాక బాబాయి ఇరానీ చాయ్ తాగుతూ, అరగడమంటే రాతి మీదైనా మనసులోనైనా ఒకటే అన్నాడు. ఆ సాయంత్రం నాకూ ఇంకేం చూడబుద్ధి కాక లాడ్జికి వచ్చేశాం.

రెండో రోజు: నల్ల హాలు

ప్రదర్శన ఒక మాల్‌లో, నాలుగో అంతస్తులో. టికెట్టు మనిషికి ఆరువందలు. అది మా ఊళ్ళో ఒక మనిషి పగలంతా వంగి కాయ కోసినా రాని కూలి అని, బాబాయి ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

గుమ్మం దగ్గరే చిన్న గండం. సంచి తనిఖీలో కారం పొట్లం బయటపడింది. సెక్యూరిటీ అమ్మాయి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, ఇది లోపలికి ఎందుకని అడిగింది. తినడానికి అంటే నమ్మలేదు. ఇంకొకరిని పిలిచింది. కారం ఎవరి కళ్ళలోనో కొట్టడానికి కూడా పనికొస్తుందని బాబాయికి తట్టనే లేదు. అర్థమయ్యాక ఆయన ముఖం చిన్నబోయింది. చివరికి పొట్లం తీసుకుని టోకెన్ ఇచ్చారు.

లోపల నేల, గోడలు, కప్పు అంతా నల్లరంగు. తలుపు మూశాక పక్కవాళ్ళు కనపడలేదు. తర్వాత గోడలు వెలిగాయి. ముందు సముద్రం వచ్చింది. చేపలు జనం ఒంటి మీద నుంచి ఈదుకుంటూ పోయాయి. తర్వాత పూలు, తర్వాత ఏదో పాత కోట. జనం నేల మీద పడుకుని ఫోన్లు పైకెత్తి తీసుకుంటున్నారు. బాగానే ఉంది. మ్యూజియంలో మనం బొమ్మ దగ్గరికి వెళ్ళాలి, ఇక్కడ బొమ్మే మన మీదికి వస్తుంది. నాకు మొదటిదే నయమనిపించింది.

తర్వాత పత్తి పగిలింది. కప్పు నుంచి దూది రాలుతూ రాలుతూ నేలంతా తెల్లబడింది. ఆ తెలుపు మెల్లగా ఎరుపెక్కింది. చూస్తుండగానే మా కాళ్ళ కింద మిరప కళ్ళం పరుచుకుంది. ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఎండు మిరపకాయలు, ముచ్చికలతో సహా.

బాబాయి టక్కున చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. కళ్ళంలోకి చెప్పులతో ఎవరు దిగుతారు? పంట మీద కాలు పడకుండా గోడవారనే జరుగుతూ, నన్నూ విప్పమన్నాడు. ఇది ఉత్త వెలుగు బాబాయ్ అని చెప్పబోయి, చెప్పలేక నేనూ విప్పాను. చుట్టూ జనం బూట్లతో ఆ కాయల మీద తిరుగుతున్నారు. ఒకావిడ మధ్యలో పడుకుని దొర్లుతోంది. చిటపటమన్న చప్పుడు లేదు. ఒక్కరూ తుమ్మలేదు. అంత మిరపకాయ మధ్య నిలబడి, ఏ వాసనా లేని చల్లగాలి పీల్చుకుంటుంటే నాకు మొదటిసారి భయం వేసింది. పోయినవాళ్ళు కలలో వచ్చినప్పుడు వాసన ఉండదని మా అమ్మ అనేది.

అప్పుడు గోడల మీదికి ఆడవాళ్ళు వచ్చారు.

ముందు ఒకామె. చేలో వంగి కోస్తోంది. వీపు మనవైపు. బిస్కెట్ రంగు చొక్కా, ఎడమ భుజం మీద ఆకుపచ్చ మాసిక. బాబాయి రెండు చేతులూ జోడించాడు. ఇంతలో ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన ఇంకొకామె. వెనక గోడ మీద, పక్క గోడల మీద. అందరూ వంగుతున్నారు, కోస్తున్నారు, ఒడిలో వేసుకుంటున్నారు, నడుం నిటారు చేసి మణికట్టుతో నుదురు తుడుచుకుంటున్నారు. అందరిదీ ఒకే చెయ్యి విసురు, ఒకరి తర్వాత ఒకరు రెప్పపాటు తేడాతో. అందరి ఒంటి మీదా ఆ చొక్కాయే. అందరి భుజాన ఆ మాసికే.

"ఏందమ్మాయ్ ఇది? కొంతమందికి కుడి భుజం మీదుందేందీ?"

చూస్తే నిజమే. ఎడమ గోడ మీది వాళ్ళకు మాసిక కుడివైపు ఉంది, అద్దంలో చూసినట్టు. వాళ్ళు ఎడమ చేత్తో కోస్తున్నారు.

ఒడి నిండిన ఒకామె గోడ మీద నుంచి నేల మీదికి దిగి మావైపే నడిచి వచ్చింది. బాబాయి దారి ఇవ్వడానికి పక్కకు తప్పుకున్నాడు. చాలలేదు. ఆమె ఆయన తెల్లచొక్కా మీదుగా నడిచి వెళ్ళింది. ఆయన గుండెల మీద ఆ మాసిక ఒక్క క్షణం నిలిచి, దాటిపోయింది. చివర్లో అందరూ ఒక్కసారే ఆగి, మనవైపు తిరిగి, తువ్వాలు ముడి మీద చెయ్యి వేశారు. ముడి వదులవుతుండగా హాలు చీకటైపోయింది. మళ్ళీ సముద్రం మొదలైంది.

మేం మూడు ఆటలు చూశాం. మూడుసార్లూ చెయ్యి ముడి మీదికి వచ్చింది, మూడుసార్లూ చీకటైంది. మూడోసారి నేను కళ్ళు మూసుకున్నాను. ఆ తువ్వాళ్ళ కింద ఏమీ లేకపోతే అనే పిచ్చి ఊహ వచ్చి, తీయకుండా ఉంటేనే బాగుండునని మొక్కుకున్నాను. బాబాయి మాత్రం రెప్ప వేయలేదు.

నాలుగో ఆటకు ముందు మమ్మల్ని బయటికి పొమ్మన్నారు. గోడల మీద బొమ్మలు వేసే యంత్రాలు నడిపే ఆవిడ అటుగా వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, పేరు శిరీష. చెప్పులు చేత్తో పట్టుకున్న బాబాయిని చూసి, మీది ఏ ఊరండీ అని అడిగింది. తనది ఒంగోలట. విషయం నేను చెప్పాను. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"అంతమందిని తీయలేదు మేడమ్. ఒక్కావిడనే. మిగతావాళ్ళు ఒకరికొకరు అడ్డమొచ్చారు. ఈమె ఒక్కతే శుభ్రంగా పడింది. ఆమెను కత్తిరించి నలభైసార్లు పెట్టాం."

ముఖం ఉందా అని బాబాయి అడిగాడు. తాను కత్తిరించుకున్నది కొన్ని ముక్కలేననీ, పూర్తి వీడియో వేరే హార్డ్ డిస్కులో ఉందనీ, అందులో చూడాలనీ చెప్పింది. మర్నాడు పొద్దున ఆట మొదలవకముందే రమ్మంది.

ఆ రోజు బాబాయి భోజనం సరిగా చేయలేదు. రేపు చూసినా గుర్తుపట్టకపోతే ఎట్టా అని ఒక్కసారి అడిగాడు.

మూడో రోజు: గోడ వెనక గది

హాలు గోడ వెనక చిన్న గది, నిండా తీగలు. శిరీష మా ఇద్దరికీ కుర్చీలు వేసి, తాను నిలబడి వీడియో పెట్టింది. ఇందులో సంగీతం లేదు. గాలి హోరు, దూరంగా ట్రాక్టరు, ఆడవాళ్ళు నీళ్ళ బిందె కోసం కేకలు. మాసిక చొక్కా ఒక్కటే, అది వేసుకున్నదీ ఒక్క మనిషే. అది చూసి నా ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆమె ఒడి నింపుకుని గట్టు మీదికి వచ్చింది. కాయలు గోతాం మీద పోసింది. మనవైపు తిరిగింది. ముడి మీద చెయ్యి వేసింది. బాబాయి కుర్చీ అంచుకు జరిగాడు. తువ్వాలు ఒక చుట్టు, రెండు చుట్లు విడిపోయి మెడ మీద పడింది.

పాతికేళ్ళ పిల్ల. కోల ముఖం, పెద్ద ముక్కుపుడక. మేం ఎన్నడూ చూడని మనిషి.

నిన్నంతా బాబాయి చేతులు జోడించింది ఈమెకు. నలభైమంది అయి తిరుగుతున్నది ఈమె. ఆ సంగతి ఆమెకూ తెలిసి ఉండదు. తెర మీద ఆ పిల్ల నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, తిన్నగా మా ముగ్గురివైపు చూస్తోంది.

"ఈమె మా ఊరి మనిషి కాదమ్మాయ్. ఆ ఏడు మార్కాపురం వైపు నుంచి కూలీలొచ్చారు. వాళ్ళలో పిల్లయి ఉంటది."

ఆయన గొంతులో ఏమీ లేదు. శిరీష ఆపెయ్యబోతే, ఉంచమ్మా అన్నాడు. ఏం చూద్దామని ఉంచమన్నాడో ఆయనకూ తెలిసి ఉండదు. ఆ పిల్ల మళ్ళీ చేలోకి దిగింది. హాల్లో ఆటకోసం అంచులు కోసేశారట, ఇక్కడ చేను ఇంకా కొంత పక్కకు కనపడుతోంది.

ఆ అంచున, మొక్కల మధ్యలోంచి ఒక చెయ్యి వచ్చింది. మనిషి లేదు, మోచేతి దాకా చెయ్యి మాత్రమే. ఆకుపచ్చ గాజులు. చేలో ప్రతి మనిషికీ మణికట్టు దాకా చొక్కా ఉంది. ఈ చేతికి మాత్రం ఏమీ లేదు. ఉత్త చర్మం. మోచేతి కింద తులసికోట పచ్చబొట్టు. నాలుగు కాయలు తెంపి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఎర్రగా ఉబ్బి ఉంది.

బాబాయి తెర అంచు పట్టుకున్నాడు.

"మీ పిన్నే," అన్నాడు. తర్వాత మెల్లగా, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు. "ఆ రోజు యార్డు నుంచి పొద్దుగూకే ఏళకి ఇంటికొచ్చా. పెరట్లో మజ్జిగ తపేలాలో రెండు చేతులూ ముంచుకుని కూచుంది. మోచేతుల దాకా వాచిపోయినయ్యి. చొక్కా ఏదే అన్నా. ఇచ్చేశానంది. బుద్ధుందా నీకు అని కేకలేశా. ఆ పిల్లకి చంటిబిడ్డుందయ్యా, చేతులకి కారమంటితే బిడ్డనెట్టా ఎత్తుకుంటది అంది. మంటకి కళ్ళెంట నీళ్ళు కారిపోతన్నయ్యి. నన్ను చూసి నవ్వుద్ది."

అక్కడ ఆగిపోయాడు. తెర మీద చెయ్యి మళ్ళీ మొక్కల్లోకి వెళ్ళిపోయింది. ఈసారి తిరిగి రాలేదు. శిరీష వీడియోను వెనక్కి తిప్పి మళ్ళీ వేయనా అని అడిగింది. బాబాయి అప్పటికే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"వద్దమ్మా, ఆపెయ్. కనపడతంది."

గోడ అవతల మొదటి ఆట మొదలైంది, సముద్రం హోరు వినిపిస్తోంది. ఆయన కళ్ళు తెరిచేదాకా నేనూ శిరీషా కదలకుండా ఉన్నాం.